గుప్పెడు మ్యాచ్‌లతో తీర్పు చెప్పొచ్చా?

సైనా గొప్పా, సింధు గొప్పా? ఈ ప్రశ్న పెదకూరపాడు స్టేషన్ దగ్గర టీ బంకులో వేసినా, హైదరాబాద్‌లో కోచ్ పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ గేటు బయట వేసినా పది నిమిషాల్లో జనం రెండు జట్లవుతారు. పల్నాడు గడ్డ మీద పంతం ముదిరితే కోడిపందెంతో మొదలై కారంపూడి యుద్ధభూమి దాకా పోయిన చరిత్ర ఉంది. అందుకని ఈ అధ్యాయంలో గొంతులు తగ్గించి అంకెలు ముందేసుకుందాం.

సైనా పక్షం వాళ్లు ముందుగా ఎత్తే మాట ముఖాముఖి లెక్క. ఎదురెదురుగా నిలిచినప్పుడల్లా దాదాపు సైనాయే గెలిచింది కదా అంటారు. సింధు పక్షం వాళ్లు పతకాలు తీస్తారు. ఒలింపిక్స్‌లో రెండు, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఐదు, అందులో ఒకటి బంగారం. రెండు మాటలూ నిజమే. ఒక నిజం ఇంకో నిజంతో పోట్లాడుతోందంటే ప్రశ్నలోనే ఎక్కడో మెలిక ఉందన్నమాట. గణాంకశాస్త్రం పని ఆ మెలిక విప్పడం.

ముందు ముఖాముఖి సంగతి చూద్దాం. లీగ్ పోటీలను పక్కన పెడుతున్నాను. వాటిలో ఆట తీరు వేరు, పట్టుదల వేరు. మిగిలినవి అంతర్జాతీయ టోర్నీల్లో నాలుగు, జాతీయ చాంపియన్‌షిప్‌లో రెండు. 2014 జనవరిలో లక్నోలో సయ్యద్ మోదీ టోర్నీ ఫైనల్ సైనాది, 21-14, 21-17. 2017 మార్చిలో ఢిల్లీలో ఇండియా ఓపెన్ క్వార్టర్స్ సింధుది, 21-16, 22-20. అదే ఏడాది నవంబర్‌లో నాగపూర్ జాతీయ ఫైనల్ సైనాది, 21-17, 27-25. 2018 జనవరిలో జకార్తాలో ఇండోనేషియా మాస్టర్స్ క్వార్టర్స్ మళ్లీ సైనాది, 21-13, 21-19. ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్ సైనా 21-18, 23-21తో గెలిచింది. 2019 ఫిబ్రవరిలో గువాహటి జాతీయ ఫైనల్ కూడా ఆమెదే, 21-18, 21-15. మొత్తం 5-1.

5-1 అంటే వినడానికి ఏకపక్షంగానే ఉంటుంది. అయితే ఒక రూపాయి బిళ్ల తీసుకొని ఆరుసార్లు ఎగరేయండి. బొమ్మకూ బొరుసుకూ బలాబలాల్లో తేడా ఏమీ లేదు. అయినా ఆరింటిలో ఐదుగానీ ఆరుగానీ ఒకే వైపు పడటం ఎంత అరుదు? ఆరుసార్లు ఎగరేస్తే రాగల వరుసలు 64. వాటిలో అలా ఒకవైపు ఒరిగేవి 14. అంటే నూటికి దాదాపు 22. సమాన బలం ఉన్న ఇద్దరు ఆరుసార్లు తలపడితే, ప్రతి ఐదు జంటల్లో ఒక జంటకు ఇంతటి ఏకపక్ష ఫలితం ఊరికే వచ్చేస్తుంది. అంతర్జాతీయ మ్యాచ్‌లు నాలుగే లెక్కలోకి తీసుకుంటే 3-1. సమానుల మధ్య కూడా 3-1 లేదా 4-0 వచ్చే అవకాశం 16లో 10. అంటే సరిసమానంగా 2-2 రావడమే తక్కువ. పత్రికల్లో ‘3-1 ఆధిక్యం’ అని అచ్చయినప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

సరే, మ్యాచ్‌లు తక్కువగా ఉన్నాయి కదా, గేములు లెక్కపెడదాం అనవచ్చు. సైనా 10, సింధు 2. బిళ్లను 12 సార్లు ఎగరేస్తే ఒకవైపు 10 లేదా అంతకన్నా ఎక్కువ పడే అవకాశం నూటికి 4 కూడా లేదు. ఇప్పుడు సైనా పక్షం చప్పట్లు కొడుతుంది. గణాంకవేత్తల్లో ఒక పాత ఆనవాయితీ ఉంది. నూటికి 5 కన్నా తక్కువసార్లు మాత్రమే యాదృచ్ఛికంగా జరిగేదైతే దాన్ని పట్టించుకోదగ్గ ఆధారం అంటారు. దాన్ని వ్యాప్తిలోకి తెచ్చినవాడు ఇంగ్లండ్‌కు చెందిన రోనాల్డ్ ఫిషర్. మన సి.ఆర్.రావు కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసింది ఆయన దగ్గరే. గూడూరు, నూజివీడు, నందిగామ బడుల్లో చదువుకొని, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి, ప్రపంచ గణాంకశాస్త్రంలో తన పేరు మీద సూత్రాలు నిలబెట్టుకున్న ఆ తెలుగు మనిషి 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మన బడి పుస్తకాల్లో ఆయనకు ఒక పాఠమైనా ఉండాలని నా పట్టు.

మళ్లీ లెక్కకొద్దాం. గేముల లెక్కలో ఒక దొంగ దాగి ఉన్నాడు. బిళ్ల ఒకసారి బొమ్మ పడినంత మాత్రాన రెండోసారి ఎలా పడాలో దానికి గుర్తుండదు. గేములు అలా కాదు. ఆ రోజు మోకాలు నొప్పిగా ఉంటే మొదటి గేములోనూ ఉంటుంది, రెండో గేములోనూ ఉంటుంది. నిజానికి ఈ ఆరు మ్యాచ్‌లలో మూడో గేము దాకా వెళ్లింది ఒక్కటీ లేదు. ఆరింటికి ఆరూ వరుస గేముల్లోనే తేలిపోయాయి. గేములు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, సమానుల మధ్య ఇలా జరిగే అవకాశం 64లో 1. సైనాను కాస్త బలమైనదిగా అనుకున్నా ఇది అరుదే. కాబట్టి ఒకే రోజు ఆడిన రెండు గేములూ అంటుకొని ఉన్న కవలలు. పన్నెండు సాక్ష్యాలు అనుకొని మనం మురిసిపోయినవి నిజానికి ఆరుకు దగ్గర. నూటికి 4 అన్న లెక్క బలం అక్కడే సగం జారిపోయింది.

ఇంకా కిందికి దిగి పాయింట్లు లెక్కపెడితే ఆట అసలు ముఖం కనిపిస్తుంది. ఆరు మ్యాచ్‌లలో ఆడినవి 474 పాయింట్లు. సైనాకు 254, సింధుకు 220. శాతంలో 53.6, 46.4. సమానులైతే ఒక్కొక్కరికి 237 రావాలి. అయితే 474 సార్లు బిళ్ల ఎగరేసినా సరిగ్గా 237 పడదు. అటూ ఇటూ 11 దాకా ఊగడం మామూలే. సైనా 17 పైకి వెళ్లింది. ఆ మాత్రం తేడా, ఏదో ఒక వైపుకు, ఊరికే రావడానికి అవకాశం నూటికి 12. కొట్టిపారేసేంత చిన్నదీ కాదు, ఒట్టు పెట్టేంత పెద్దదీ కాదు.

ఒకే ఆరు మ్యాచ్‌ల నుంచి మూడు జవాబులు వచ్చాయి: 22, 4, 12. మూడూ ముందేసుకొని మనకు నచ్చినది ఏరుకోవడం మొదలుపెడితే గణాంకాలు వకీలు చేతిలో సాక్షులవుతాయి. ఏ ప్రమాణంతో కొలుస్తామో అంకెలు చూడకముందే తేల్చుకోవాలి. శాస్త్రవేత్తలూ ఈ పొరపాటులో పడుతూనే ఉంటారు, మందుల పరీక్షల్లో సైతం.

పాయింట్ల లెక్కలో ఇంకో వింత ఉంది. నూటికి 53 పాయింట్లు గెలిచే మనిషి నూటికి 53 మ్యాచ్‌లు గెలవదు, చాలా ఎక్కువ గెలుస్తుంది. బ్యాడ్మింటన్‌లో ముందు 21 చేరాలి, అలాంటి గేములు మూడింటిలో రెండు గెలవాలి. ప్రతి మెట్టు దగ్గరా చిన్న తేడా పెద్దదవుతుంది. ప్రతి పాయింటూ వేరువేరుగా ఆడినట్టు లెక్కగడితే, 51 శాతం పాయింట్లు గెలిచే క్రీడాకారిణి గేముల్లో సుమారు 55, మ్యాచ్‌ల్లో 57 శాతం గెలుస్తుంది. 53 శాతం అయితే గేముల్లో 65, మ్యాచ్‌ల్లో 72. 55 దాకా వెళితే మ్యాచ్‌ల్లో 83. కాబట్టి సైనా 5-1 వెనక ఉన్న అసలు తేడా ప్రతి 30 పాయింట్లలో మహా అయితే ఒక పాయింటు ఇటు మారడమే. నెట్ మీద తగిలి ఇటు పడాల్సిన కాక్ అటు పడటమే.

టెన్నిస్‌లోనూ ఇదే కథ. రోజర్ ఫెడరర్ 2024లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ స్నాతకోత్సవంలో తన లెక్క తానే చెప్పాడు. 1,526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచాడు, పాయింట్లలో మాత్రం 54 శాతమే. ప్రపంచంలో అత్యుత్తముల్లో ఒకడు కూడా సగానికి కొంచెం తక్కువ పాయింట్లు ఓడిపోయాడు. అంతేకాదు, ఎక్కువ పాయింట్లు గెలిచినవాడే మ్యాచ్ గెలవాలన్న నియమం కూడా లేదు. 2019 వింబుల్డన్ ఫైనల్లో ఫెడరర్ 218 పాయింట్లు గెలిచాడు, జొకోవిచ్ 204. కప్పు పట్టుకుపోయింది జొకోవిచ్. చివరి సెట్‌లో 8-7 దగ్గర ఫెడరర్ చేతిలో రెండు మ్యాచ్ పాయింట్లు ఉండి కూడా జారిపోయాయి. పాయింట్లన్నీ సమానం కావు, ఏ పాయింటు ఎప్పుడు గెలిచామన్నదీ ముఖ్యమే.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ ఆరు మ్యాచ్‌లు ఎక్కడి నుంచి వచ్చాయి? గుంటూరు మిర్చి యార్డుకు కాయ తోలిన పెదకూరపాడు రైతుకు ఈ ప్రశ్న కొత్తకాదు. కొనేవాడు టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, ఒక గుప్పెడు తీసి రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, తాలు ఎంతుందో చూస్తాడు. ఆ గుప్పెడు పైనుంచి తీశాడా, అడుగునుంచి తీశాడా, ఒక్క టిక్కీలోదేనా, పది టిక్కీల్లోదా అన్నదాన్ని బట్టి ధర మారిపోతుంది. గుప్పెడు చిన్నదవడం ఒక లోపం. ఒకే మూలనుంచి తీయడం అంతకన్నా పెద్ద లోపం. మొదటిదాన్ని ఇంకో గుప్పెడు తీసి సరిచేసుకోవచ్చు. రెండోదాన్ని అదే మూలనుంచి బస్తా అంతా తీసినా సరిచేయలేం.

దీనికి ప్రపంచంలో దొరికే మంచి ఉదాహరణ నడాల్, ఫెడరర్. ముఖాముఖి 24-16, నడాల్‌దే పైచేయి. విడదీసి చూడండి. మట్టి కోర్టుల మీద నడాల్ 14-2. హార్డ్ కోర్టుల మీద ఫెడరర్ 11-9. పచ్చిక మీద ఫెడరర్ 3-1. అంటే మట్టిని తీసేస్తే ఫెడరర్‌దే 14-10. మట్టి కోర్టుల్లో ఫెడరర్ ఫైనల్ దాకా వచ్చేంత మంచి ఆటగాడు కాబట్టే అక్కడ నడాల్‌కు అన్నిసార్లు దొరికాడు. మట్టి మీద అతను అధ్వానంగా ఆడి ముందే ఇంటికి వెళ్లిపోయి ఉంటే ముఖాముఖి లెక్క అతనికే అనుకూలంగా ఉండేది! బాగా ఆడినందుకు లెక్కలో శిక్ష పడింది.

సైనా, సింధు విషయంలో ఆ మట్టి కోర్టు పాత్ర వయసుది. సైనా పుట్టింది 1990 మార్చిలో హర్యానాలోని హిసార్‌లో, పెరిగింది హైదరాబాద్‌లో. సింధు 1995 జులైలో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఐదేళ్ల తేడా. లక్నో ఫైనల్ నాటికి సింధుకు 18 ఏళ్లు, సైనా అప్పటికే ఒలింపిక్ పతక విజేత. ఆ తర్వాత మూడేళ్లకు పైగా అంతర్జాతీయ టోర్నీల్లో ఒకరికొకరు ఎదురుపడనే లేదు. సైనా ప్రపంచ నంబర్ వన్ అయిన 2015లోనూ, సింధు రియోలో వెండి గెలిచిన 2016లోనూ ఈ లెక్కలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఒకరి శిఖరం మీద ఇంకొకరిని నిలబెట్టి చూసే అవకాశమే రాలేదు. చివరి నాలుగు మ్యాచ్‌లు మాత్రం పదిహేను నెలల్లో కుప్పగా వచ్చాయి. 2014లో పుల్లెల గోపీచంద్ దగ్గరినుంచి బెంగళూరు వెళ్లిన సైనా, 2017లో తిరిగి ఆయన దగ్గరికే వచ్చాక ఆడినవి అవి. ఇక్కడ సైనాకూ న్యాయం చెప్పాలి: ఆ నాలుగూ గెలిచింది పెద్ద వయసు మనిషి, అదీ సింధు మంచి ఊపులో ఉన్న రోజుల్లో. కాబట్టి వయసు సాకు చూపి ఆ విజయాలను కొట్టేయడం కుదరదు.

ఇప్పుడు పతకాల వైపు వద్దాం. సింధు పక్షం వాళ్లు అనుకున్నంత గట్టి నేల కాదు ఇది కూడా. 2012 లండన్‌లో సైనా కాంస్యం ఎలా వచ్చింది? చైనాకు చెందిన వాంగ్ షిన్ 21-18, 1-0తో ముందున్నప్పుడు గాయపడి తప్పుకుంది. 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు, జపాన్ అమ్మాయి ఒకుహారా 110 నిమిషాలు ఆడారు, 19-21, 22-20, 20-22. మొత్తం పాయింట్లలో సింధు 61, ఒకుహారా 63. బంగారానికీ వెండికీ మధ్య ఉన్నది ఒకటి రెండు ర్యాలీలు. పతకం బరువైనదే గానీ ముతక కొలబద్ద, మిల్లీమీటరు తేడాను గజంగా చూపిస్తుంది.

అదే గ్లాస్గోలో ముందురోజు సెమీస్‌లో సైనాను ఓడించిందీ ఒకుహారాయే, 12-21, 21-17, 21-10. ఒకే వారం, ఒకే హాలు, ఒకే ప్రత్యర్థి. ఇంత చక్కటి పోలిక మళ్లీ దొరకడం కష్టం. ఆమె మీద సైనా గెలిచిన పాయింట్లు 47 శాతం, సింధు గెలిచినవి 49. ఇక స్పెయిన్‌కు చెందిన కరోలినా మారిన్ మీద పెద్ద ఫైనల్స్ చూస్తే, 2015 ప్రపంచ ఫైనల్లో సైనాకు 45 శాతం, 2016 ఒలింపిక్ ఫైనల్లో సింధుకు 44, 2018 ప్రపంచ ఫైనల్లో 41. ఒకరికి ఒకుహారా, ఇంకొకరికి మారిన్ సాక్ష్యం చెబుతున్నారు. బ్యాడ్మింటన్‌లో ఒకరి ఆట తీరు ఇంకొకరికి కొరుకుడు పడకపోవడం సాధారణం. క గ మీద గెలిచి, గ చ మీద గెలిచినంత మాత్రాన క చ మీద గెలవాలని లేదు.

అయినా పతకాలు లెక్కలో ఉండాల్సిందే, ఎందుకంటే ఒకటి అదృష్టం కావచ్చు గానీ వరుసగా వస్తే కాదు. 2013 నుంచి 2019 వరకు ఆరు ప్రపంచ చాంపియన్‌షిప్‌లు జరిగితే ఐదింటిలో సింధు పతకంతో తిరిగొచ్చింది. రెండు కాంస్యాలు, రెండు రజతాలు, చివరికి బాసెల్‌లో అదే ఒకుహారా మీద 21-7, 21-7తో 38 నిమిషాల్లో బంగారం. ఈ ఐదింటికి తోడు రియో వెండి, టోక్యో కాంస్యం. సైనా వైపు చూస్తే ఇంకో రకం ఘనత కనిపిస్తుంది. 2009 నుంచి 2018 దాకా వరుసగా ఎనిమిది ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో ఆమె క్వార్టర్స్‌కు తక్కువగా వెనుదిరగలేదు. అందులో పతకాలు రెండే. మొదటి ఐదుసార్లూ క్వార్టర్స్‌లోనే ఆగిపోవడానికి కారణం ఎక్కువగా చైనా గోడ. లండన్‌లో స్వర్ణం, రజతం, నాలుగో స్థానం ముగ్గురు చైనా వాళ్లవే. సూపర్ సిరీస్ టైటిళ్లలో సైనా 10, సింధు 3 అని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ పేరుతో టోర్నీలు 2017తోనే ఆగిపోయాయి, అప్పటికి సింధుకు 22 ఏళ్లు. కొలబద్ద మధ్యలో విరిగిపోతే తర్వాత పెరిగిన ఎత్తు ఎలా తెలుస్తుంది?

ర్యాంకులు చూడొచ్చు కదా అంటే, సైనా 2015 ఏప్రిల్ 2న నంబర్ వన్ అయింది. భారత మహిళల్లో మొదటిది. సింధు 2017లో రెండో స్థానం దాకా వెళ్లింది. బ్యాడ్మింటన్ ర్యాంకు ఏడాదిలో ఆడిన మంచి పది టోర్నీల పాయింట్ల మొత్తం. ఏ రౌండు దాకా వెళ్లారన్నదే చూస్తుంది, దారిలో ఎవరిని ఓడించారన్నది దానికి పట్టదు.

ఆ పట్టింపు ఉన్న లెక్క చదరంగంలో ఉంది. అమెరికాలోని మిల్వాకీలో భౌతికశాస్త్రం చెప్పిన అర్పాద్ ఎలో అనే హంగరీ సంతతి ప్రొఫెసర్ రూపొందించాడు. ప్రపంచ చదరంగ సమాఖ్య దాన్ని 1970లో తీసుకుంది. బలవంతుణ్ని ఓడిస్తే ఎక్కువ కలుస్తుంది, బలహీనుడి చేతిలో ఓడితే ఎక్కువ పోతుంది. 400 పాయింట్ల తేడా అంటే ఒకటికి పది అవకాశం. మన పక్కనే ఉన్న జంట మీద పెట్టి చూద్దాం. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి అత్యధిక రేటింగ్ 2623, 2009లో. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక అత్యధికం 2543, 2016లో. 80 తేడా. సూత్రం ప్రకారం అదే రేటింగులతో తలపడితే హంపికి నూటికి 61 పాయింట్లు రావాలి. అయితే ఒక హెచ్చరిక. ఊగిసలాడే దేనికైనా శిఖరం అన్నది కొంత బలం, కొంత ఆ నెల కలిసిరావడం. అందుకే అత్యధిక రేటింగు కన్నా పదేళ్ల సగటు నమ్మదగ్గది. పిల్లల మార్కులకైనా ఇదే వర్తిస్తుంది, తల్లిదండ్రులు ఒప్పుకోరు గానీ.

ఇంతకీ టీ బంకు దగ్గర ఏం చెప్పాలి? నేనైతే రెండు జవాబులు చెబుతాను. ఎదురెదురుగా నిలిస్తే ఎవరు అంటే, సైనాకు కాస్త మొగ్గు ఉంది. 53 శాతం పాయింట్ల మొగ్గు నిజమేనని ఒక టీ పందెం కాస్తాను, అంతకు మించి కాయను. ప్రపంచం ముందు నిలిస్తే ఎవరు అంటే, సింధు. ప్రపంచమంతా పోటీపడే చోట ఆరింటిలో ఐదు పతకాలు బిళ్ల ఎగరేసినట్టు ఊరికే రావు. గోపీచంద్ దగ్గర మొదట దారి తొక్కింది సైనాయే, ఆ దారిలో ఎక్కువ దూరం వెళ్లింది సింధు.